వంటింట్లోకి చెప్పులు రావు, షాకు వస్తుంది

మన ఇళ్ళల్లో కరెంటు విషయంలో ఆడవాళ్ళకి చెప్పే జాగ్రత్త ఒక్కటే. "చెప్పులేసుకుని స్విచ్చెయ్యి." గ్రైండరు జివ్వుమంటోందంటే చెప్పులేసుకో. వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే చీమ కుట్టినట్టుందంటే చెప్పులేసుకో. పనమ్మాయికీ అదే మాట. మా అమ్మ నాకు అదే చెప్పింది, మా అత్తగారూ అదే చెప్పారు. అదే అత్తగారు వంటింటి గడప దాటి చెప్పులు రానివ్వరు! మడి కట్టుకుని, తడి చేతులతో, కడిగిన గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి పచ్చడికి మిక్సీ వేసే మనిషికి ఈ సలహా ఏ మూలకి పనికొస్తుందో నాకు ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు.

చెప్పులు వెతుక్కోవడం కాదు, ముందు గుమ్మం పైనున్న ఆ కరెంటు పెట్టెను మార్చాలంటాను నేను. అది మగవాళ్ళ వ్యవహారమని మనం వదిలేశాం. రోజంతా ఇంట్లో ఆ తీగలతో, ఆ నీళ్ళతో మసిలేది మాత్రం మనమే.

పాత ఇళ్ళల్లో తెల్ల పింగాణీ ఫ్యూజులుండేవి. ఊరికే పోతున్నాయని నాలుగు రాగి పోగులు మెలిపెట్టి లావుగా కట్టేసేవాళ్ళు. ఇప్పుడు వాటి స్థానంలో ఎంసిబిలు వచ్చాయి, తెలివి మాత్రం పాతదే. మా అపార్ట్‌మెంటులో ఒకరింట్లో గీజరు, ఏసీ కలిపి వేస్తే 16 యాంపుల ఎంసిబి పడిపోతోందని, వచ్చినతను 32 బిగించి "ఇంక పడదమ్మా" అని డబ్బులు పుచ్చుకుని వెళ్ళాడు. నిజమే, పడదు. గోడలోని సన్నటి తీగ వేడెక్కి కరుగుతున్నా పడదు. కుక్కరుకి సేఫ్టీ వాల్వు ఊరికే పోతోందని అక్కడ మేకు కొట్టుకుంటామా? ఆ ఇళ్ళు కట్టినప్పుడు నాలుగు ఫ్యాన్లు, ఆరు లైట్లు, ఒక ఫ్రిజ్ ఉంటాయనుకుని తీగలు లాగారు. ఇప్పుడు 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 యాంపులు లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి ఇంకో 9. పడిపోతుంటే ఎంసిబిని తిట్టకూడదు. ఏసీకీ గీజరుకీ విడివిడిగా తగినంత లావు తీగ లాగించుకోవాలి.

అయితే ఎంసిబి కాపాడేది తీగని, మనిషిని కాదు. ఇది చాలామందికి తెలియదు. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీయాంపుల కరెంటు పోయినా ప్రాణం మీదికి వస్తుంది. 16 యాంపులంటే 16,000 మిల్లీయాంపులు. మనం గిలగిల్లాడుతున్నా ఆ ఎంసిబికి చీమ కుట్టినట్టయినా ఉండదు. మనిషిని కాపాడేది ఆర్‌సిసిబి. ఇంట్లోకి వెళ్ళిన కరెంటంతా తిరిగి వచ్చిందా లేదా అని లెక్క చూస్తుంటుంది అది. 30 మిల్లీయాంపులు తేడా వచ్చేలోపే టక్కున మొత్తం ఆపేస్తుంది. ఎర్త్ తీగ లేని ఇంట్లోనూ పనిచేస్తుంది గానీ, అప్పుడు మనకి షాకు తగిలాకే పడుతుంది. ఎర్త్ సరిగా ఉంటే మనం ముట్టుకోకముందే పడిపోతుంది. అందుకే మూడు కాళ్ళ ప్లగ్గుకున్న లావుపాటి కాలు విరగ్గొట్టి రెండు కాళ్ళ సాకెట్లో దూర్చడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఖరీదంటారా? మామూలుగా రెండు మూడు వేలు. జాకెట్టుకి మగ్గం వర్కు చేయించడానికి ఇచ్చేదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నియమాల్లోనూ, వాటి బదులు 2023లో వచ్చిన నియమాల్లోనూ ఇలాంటి పరికరం గురించి ఉంది. పాత ఇంటికొచ్చి ఉందా లేదా అని చూసేవాళ్ళే లేరు.

పెట్టించాక అసలు గొడవ మొదలవుతుంది, అది కూడా చెప్పాలి. మా ఇంట్లో పెట్టించిన వారానికే రోజూ పొద్దున్నే పడిపోవడం. మావారు విసుక్కున్నారు, ముప్పయ్యేళ్ళు ఏమీ కాలేదుగా అన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి "దీన్ని తప్పించి డైరెక్టుగా ఇచ్చేస్తానమ్మా, హాయిగా ఉంటుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేశాను. స్విచ్ ఆపితే చాలదు, పీకాలి. గీజరుకి మాత్రం ప్లగ్గు లేదు, దాని తీగలు అతనిచేతే విప్పించాను. తర్వాత ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాం. చివరికి దొరికింది గీజరే. లోపల కాయిలు చిట్లి ఎన్నాళ్ళ నుంచో నీళ్ళలోకి కరెంటు వదులుతోంది. ఆ నీళ్ళతోనే మా పిల్లలు రోజూ స్నానం చేసి బడికి వెళ్ళారు. ఆ తర్వాత మావారు ఆ ముప్పయ్యేళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

అన్నీ పీకేసినా పడిపోతుంటే తప్పు గోడలోని తీగల్లో ఉన్నట్టు. పాత ఇళ్ళల్లో రెండు గదుల న్యూట్రల్ తీగలు కలిపేసి ఉంటాయి, వానాకాలం గోడ చెమ్మగిల్లుతుంది. అది ఓపికున్న మంచి ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిన పని. తప్పించి ఇచ్చేస్తానన్నవాణ్ణి మాత్రం కాఫీ ఇచ్చి పంపించెయ్యండి.

దాని మీద 'టి' అని చిన్న మీట ఉంటుంది. నొక్కితే కరెంటు పోవాలి, పోకపోతే ఆ పెట్టె ఉన్నా లేనట్టే. నేను ప్రతి అమావాస్యకీ నొక్కుతాను, అలా అయితే మర్చిపోను. మా అబ్బాయి కంప్యూటరు ఆగిపోయిందని అరుస్తాడు. అరవనీ.

ఇది అక్కరకు రాని చోటు ఒకటుంది, పెరట్లో దండెం. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు తీగ ఒరిసి ఇనప దండేనికి తగిలితే ఇంట్లోని ఏ పెట్టెకీ తెలియదు. తడి బట్టలారేస్తూ పోయిన ఆడవాళ్ళ వార్తలు మనం ఎన్ని చదవలేదు! ఇనప తీగ తీసేసి నైలాను తాడు కట్టుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

అద్దె ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ బాధ వేరు. ఓనరు పెట్టించనంటారు, మనకెందుకులే అని మనమూ ఊరుకుంటాం. అడ్వాన్సు ఇచ్చే రోజే మంచినీళ్ళ గురించి అడిగినట్టు దీని గురించీ అడగండి. కాదంటే ఓనరుకి ఒక మాట చెప్పి మీరే పెట్టించుకోండి. ఇల్లు మారేటప్పుడు గీజరు విప్పించుకుని పట్టుకెళ్ళినట్టే దీన్నీ పట్టుకెళ్ళచ్చు. కనెక్షన్లు మళ్ళీ ముందున్నట్టు బిగించమని ఎలక్ట్రీషియన్‌కి చెబితే సరి.