గుండె ఆపరేషన్ తర్వాత దిక్కెవరు?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పుణ్యమా అని కూలీనాలీ చేసుకునేవాళ్లు కూడా గుండె వాల్వులు మార్పించుకోగలిగారు. అది చిన్న మేలు కాదు.

కానీ లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లు జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. మోతాదు చాలకపోతే వాల్వు మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే లోపల రక్తస్రావం. మోతాదు సరిపోతోందో లేదో తేల్చేది ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష. గుండెలోని మైట్రల్ వాల్వు మార్చినవాళ్లకు ఆ పరీక్షలో వచ్చే అంకె సాధారణంగా 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. నాలుగు రోజులు వరసగా ఆకుకూరలు ఎక్కువ తిన్నా అది మారిపోవచ్చు. పిల్లలు కనాల్సిన వయసు ఆడవాళ్ల సంగతి మరీ సున్నితం, ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేయగలదు.

ఈ పరీక్ష కోసం ఒక మనిషి కూలి పోగొట్టుకుని పట్నం బస్సెక్కాలా? వేలి కొస నుంచి తీసిన ఒక్క రక్తపు చుక్కతో నిమిషాల్లో ఫలితం చెప్పే యంత్రాలున్నాయి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకటి పెట్టించండి.

ఆపరేషన్ తర్వాత రోగులు ఎలా ఉన్నారో లెక్క కూడా ఉండాలి. స్వీడన్ 1992 నుంచి గుండె ఆపరేషన్ల వివరాలను దేశవ్యాప్త రిజిస్టర్‌లో నమోదు చేస్తోంది. మనమూ చేయగలం. ఆపరేషన్ అయిన ఐదేళ్లకు, పదేళ్లకు ఎందరు బతికున్నారో, ఎందరు పనికి వెళ్తున్నారో ఆసుపత్రుల వారీగా ఏటా ప్రకటించండి.

ఇట్లు,
ఒక పౌరుడు