ముందు పుస్తకాలు... తర్వాతే విమానం!

ఇల్లు కొనేటప్పుడు గోడల రంగు చూసి ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ఈసీ తీయిస్తారు. తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకెళ్లి గోడలూ, స్లాబూ చూపిస్తారు. అమెరికాలో సెకండ్‌హ్యాండ్ విమానం కొనేవాళ్లు చేయాల్సిందీ సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే... అక్కడ పొరపాటు జరిగితే పోయేది డబ్బొక్కటే కాదు!

విమానమంటే వందలమంది ఎక్కే జెట్ కాదు. ముందు ఒకే ఇంజిన్, లోపల నాలుగు సీట్లు... అంతే. వీటిలో అందరికీ తెలిసిన పేరు సెస్నా 172. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ బుల్లి విమానాలు ఇప్పటివరకూ 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానాన్నీ ఇన్ని తయారుచేయలేదు. కోర్టు కేసులూ, పరిహారాల భారం పెరిగిపోవడంతో కంపెనీ 1986లో తయారీ ఆపేసింది. 18 ఏళ్లు దాటిన చిన్న విమానాల విషయంలో తయారీదారుకు రక్షణ కల్పిస్తూ 1994లో చట్టం వచ్చాక, 1996లో మళ్లీ మొదలుపెట్టింది. మొత్తం విమానాల్లో ఎక్కువ భాగం 1986కు ముందువే. అంటే, అమ్మకానికి కనిపించే విమానం చాలాసార్లు కొనేవాళ్ల కన్నా వయసులో పెద్దది!

మూలన ఉన్నదే ముప్పు

రెండు విమానాలున్నాయి. ఒకదాని ఇంజిన్ 1,400 గంటలు తిరిగింది, వారం వారం ఎగురుతూనే ఉంది. రెండోది 500 గంటలే తిరిగింది. కానీ ఎనిమిదేళ్లుగా షెడ్డు దాటలేదు. ఏది కొనాలి?

'తక్కువ తిరిగిందే' అనుకుంటారు చాలామంది. అక్కడే దెబ్బతింటారు. 1968 నుంచి ఈ విమానాలకు వాడిన లైకమింగ్ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. ఇంజిన్ ఆపేస్తే దానిమీది నూనె మెల్లగా కిందికి దిగిపోతుంది. నెలల తరబడి అలాగే ఉంటే గాలిలోని తేమకు తుప్పు పడుతుంది. మళ్లీ నడిపినప్పుడు ఆ తుప్పే లోహాన్ని అరగదీస్తుంది. మామూలుగా ఈ ఇంజిన్లకు 2,000 గంటలకోసారి ఓవర్‌హాల్ చేయించమని తయారీదారు సలహా. దానికయ్యే ఖర్చు పదుల వేల డాలర్లు. చవగ్గా వచ్చిందని మురిసిపోయిన విమానానికి మర్నాడే అంత పెట్టాల్సి వస్తే బేరం తలకిందులే.

నడిచే ఇంజిన్ ఎంత గట్టిదో చెప్పేందుకు ఓ పాత ముచ్చట. 1958 డిసెంబరులో రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు లాస్‌వెగాస్‌లో సెస్నా 172 ఎక్కారు. కింద రోడ్డుమీద పరుగెత్తే ట్రక్కు నుంచి గొట్టంతో పెట్రోలు పట్టుకుంటూ, దిగకుండా 64 రోజుల 22 గంటలకు పైగా ఎగిరారు! 1959 ఫిబ్రవరి 7న నేలకు దిగారు.

పుస్తకం అబద్ధమాడితే...

ప్రతి విమానానికీ లాగ్‌బుక్కులుంటాయి. ఎన్ని గంటలు తిరిగింది, ఏ భాగం ఎప్పుడు మార్చారు, ఏటా జరగాల్సిన తనిఖీ ఎవరు చేశారు... అన్నీ మెకానిక్ సంతకంతో సహా ఉండాలి. మధ్యలో కొన్నేళ్ల పుస్తకం పోయిందంటే విమానం విలువ పడిపోతుంది. పెద్ద మరమ్మతు జరిగితే ఆ కాగితం ఓక్లహోమా సిటీలోని ప్రభుత్వ రిజిస్ట్రీకి కూడా చేరాలి. అక్కడి రికార్డు తెప్పించి లాగ్‌బుక్‌తో పోల్చి చూస్తే, రెక్క ఎప్పుడైనా దెబ్బతిందా, విమానంమీద బ్యాంకు అప్పుందా అన్నవి చాలావరకు బయటపడతాయి.

తర్వాత మెకానిక్ వంతు. అతను కొనేవాళ్లు పెట్టుకున్న మనిషై ఉండాలి... ఇన్నాళ్లూ ఆ విమానాన్నే చూస్తూ వచ్చినవాడు కాదు. తను సంతకం పెట్టిన పనిలో తనే తప్పు పట్టడం ఎవరికైనా కష్టమే కదా! అతను ఒక్కో సిలిండర్‌లోకీ 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి, ఎంత నిలుస్తుందో చూస్తాడు. 75 నిలిస్తే మంచిదే. 60 కిందికి జారిందంటే కారణం వెతకాల్సిందే. రంగు కొత్తగా మెరుస్తుంటే మరింత జాగ్రత్తగా చూస్తాడు. పైన పటారం, లోన లొటారం కావచ్చు!

అన్నిటికన్నా చిన్నగా కనిపించేది సీటు పట్టాలు. సీటును ముందుకూ వెనక్కూ జరిపే పట్టాల్లోని రంధ్రాలు అరిగితే పిన్ను నిలవదు. టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు వెనక్కి జారుతుంది. పైలట్ చేతిలోని కంట్రోలునే పట్టుకుని వేలాడతాడు. విమానం ఇంకా నిటారుగా లేచి, పట్టు తప్పి కూలుతుంది. అందుకే ఈ పట్టాలను క్రమం తప్పకుండా తనిఖీ చేయాలని 1987లో ప్రభుత్వం ఆదేశించింది. 2011లో దాన్ని సవరించి మళ్లీ జారీచేసింది.

నాలుగు సీట్లు... నలుగురికీ కాదు

1970ల చివరినాటి 172 బరువు గాల్లోకి లేచేటప్పుడు 1,043 కిలోలు మించకూడదు. ఖాళీ విమానమే సుమారు 670 కిలోలు. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే మరో 109. ఇక మిగిలింది 264 కిలోలు. మనిషికి 75 కిలోల చొప్పున నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 300! పెట్రోలన్నా తగ్గించాలి, ఒకరినైనా దింపాలి. 'నాలుగు సీట్లున్నాయి కదా' అని భార్యాపిల్లలనీ, పెట్టెలనీ ఎక్కించే ముందు ఈ కూడికలు తప్పవు.

బేరం నచ్చకపోతే తనిఖీకి పెట్టిన కొన్ని వందల డాలర్లు వదులుకుని వెనక్కి రావడానికి చాలామందికి మనసొప్పదు. అప్పటికే ఆ విమానంలో ఊళ్లు తిరిగినట్టు కలలు కనేసి ఉంటారు మరి. కానీ కారు ఆగిపోతే రోడ్డు పక్కకు తీసి నిలబెట్టొచ్చు. ఆకాశంలో పక్కన ఆపుకునే చోటు లేదు. ఆ డబ్బు దండగ కాదు, వెనక సీట్లో కూర్చునే పిల్లల కోసం పెట్టిన ఖర్చు.