అలమరలోని అమ్మీటరు

తెలుగు పండితుడికి అమ్మీటరుతో ఏమి పని అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. ముప్పైయేళ్ళకు పైగా బడిలో ఆ అలమర ప్రక్కనే నా కుర్చీ ఉండేది.

పదవీ విరమణకు ముందు కొంతకాలం ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. స్టాకు తనిఖీ కోసం ఆ అలమర తెరిపించాను. అమ్మీటర్లు, వోల్టుమీటర్లు, గాల్వనోమీటరు, రియోస్టాటు, అన్నీ రిజిస్టరు ప్రకారం ఉన్నాయి. సగానికి ప్లాస్టిక్ తొడుగైనా విప్పలేదు. లెక్క సరిపోయిందని సంతకం చేసి, తాళంచెవి నా సొరుగులో వేసుకున్నాను.

ఆ వారమే పదవ తరగతి ప్రయోగ రికార్డులు నా బల్లమీదికి వచ్చాయి. అందరూ ఓమ్ నియమాన్ని నిరూపించారు! ఒక ఘటానికి 1.5 వోల్టులు, 0.15 ఆంపియర్లు, రెండింటికి 3, 0.30; మూడింటికి 4.5, 0.45. నలభై పుస్తకాలలోనూ అవే అంకెలు, అదే 10 ఓముల నిరోధం. వాటిమీదా సంతకం చేశాను.

నిజమైన ఘటం అలా చెప్పదు. కరెంటు ఇచ్చేటప్పుడు దాని అంతర్నిరోధం వల్ల వోల్టేజి కొంత తగ్గుతుంది. ముల్లు 1.5 దగ్గర కాక కాస్త ఇవతలే నిలుస్తుంది. ఎందుకు తగ్గిందని పిల్లవాడు అడిగిన క్షణమే విజ్ఞానశాస్త్రం మొదలవుతుంది. ఆ వెలితిని చెరిపి సున్నితంగా అంకెలు దింపించిన మనం వాడికి నేర్పింది ఓమ్ నియమం కాదు, అబద్ధం వ్రాసే నేర్పు.

పగిలితే ఎవరు కట్టాలి అంటారు. ఇది ఉపాధ్యాయుని భయం. నేను దానిని ఎగతాళి చేయను. అమ్మీటరు నిరోధం చాలా తక్కువ గనుక దానిని శ్రేణిలో కాక నేరుగా ఘటానికి కలిపితే తీగచుట్ట కాలిపోవచ్చు. అయితే అది కొన్ని వందల రూపాయల వస్తువు. వాడగా చెడినదానిని రిజిస్టరునుండి తీసివేసే అధికారం బడికి సులభంగా ఇవ్వాలి. చెడకుండా దాచినందుకు మెచ్చుకోలూ, వాడి చెడగొట్టినందుకు సంజాయిషీయా? ఇదెక్కడి న్యాయం?

షాకు కొడుతుందంటారు. మూడు టార్చి ఘటాల 4.5 వోల్టులకూ, ఇంటి గోడలోని 230 వోల్టులకూ భేదం తెలియనివాని మాట అది.

తెరమీద చూపిస్తే చాలదా అంటారు. నేను ఛందస్సు చెప్పినవాణ్ణి. గురులఘువులు పిల్లవాడు తానే గుర్తించి గణాలు విడదీయకపోతే, బల్లమీద నేను వంద పద్యాలు విడదీసినా వాడికి ఉత్పలమాల రాదు. తెరమీది ముల్లు ఎన్నడూ తప్పు చూపదు. తీగ వదులుగా ఉంటే వణకదు, ధ్రువాలు తారుమారైతే వెనక్కి పోదు. తప్పే లేనిచోట దిద్దుబాటేది?

ఆ నలభైమందిలో ఒకడు ఇప్పుడు మా ఊళ్ళోనే కరెంటు పని చేస్తున్నాడు. మొన్న మా ఇంటికి మల్టీమీటరుతో వచ్చాడు. బడిలో ఇటువంటివి చూశావా అని అడిగాను. "లేదు మాస్టారూ, దుకాణంలోనే మొదటిసారి చూశానండీ. బడిలో బొమ్మ మాత్రం బాగా వేశాను" అన్నాడు. వాడు నిందించలేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

అయ్యా, నేటి ప్రధానోపాధ్యాయులారా, తాళంచెవి నేడు మీ సొరుగులో ఉంది. నలుగురికొక మీటరు చొప్పున బల్లమీద పెట్టించండి. ఒకే రకం అంకెలున్న రికార్డులమీద సంతకం చేయకండి. నేను చేశాను, ఆ సిరా ఇంకా ఆరలేదు.