సైరన్ కంటే ముందు డోలీ

రాత్రి రెండు గంటలకి అంబులెన్సు సైరన్ మోగితే చోడవరం మెయిన్ రోడ్డు పక్కన ముందు లేచేవి కుక్కలు. తర్వాత పసిపిల్లలు. ఆ తర్వాత, బీపీ మాత్ర వేసుకుని అప్పుడే కన్ను మూసిన పెద్దవాళ్లు. తెల్లారాక టీ కొట్టు దగ్గర ఒకటే మాట: రోడ్డు మీద పిట్ట లేదు కదా, ఎవరిని తప్పుకోమని ఆ మోత?

సబబైన ప్రశ్నే. కాకపోతే ఆ బండి ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా చూడాలి. పాడేరు నుంచి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పోయే దారి ఘాట్ దిగి, మాడుగుల, వడ్డాది దాటి మన ఊళ్లోంచే వెళ్తుంది. 2022 ఏప్రిల్ 4న మనం అనకాపల్లి జిల్లాలోకీ, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ వెళ్లాం. జిల్లాలు విడిపోయాయి గానీ రోగుల దారి మారలేదు. రోడ్డు లేని కొండ ఊళ్లలో నెలలు నిండిన మనిషిని ఇప్పటికీ కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తున్నారు. రాళ్లూ గెడ్డలూ దాటి, బండి ఆగిన చోటికి చేరాలి. డోలీకి సైరన్ లేదు. ఆ నొప్పుల మూలుగు మన నిద్ర చెడగొట్టదు. మనకి వినపడేది ఆ ప్రయాణంలో చివరి ముక్క ఒక్కటే.

108 అంబులెన్సు మొదలైంది 2005 ఆగస్టు 15న. అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి సభల్లో ‘కుయ్ కుయ్’ అంటూ ఆ కూతని అనుకరిస్తే జనం చప్పట్లు కొట్టేవారు. అదే కూత ఇప్పుడు విసుగైంది. ఎందుకైందంటే, అది 108 దగ్గర ఆగలేదు. నాయకుల వెనక తిరిగే కార్లకీ పాకింది. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు తీసేశారు. బుగ్గ పోయింది, కూత మిగిలింది! రోగిని దించేసి ఖాళీగా తిరిగొస్తూ కూడా మోగించే ప్రైవేటు అంబులెన్సులు ఉండనే ఉన్నాయి. మోత మీద కోపం వీళ్ల వల్ల వచ్చింది, పడుతున్నది మాత్రం డోలీ దిగిన మనిషి మీద.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతాయి. సైరన్ దగ్గర్లో వంద దాటుతుంది. అత్యవసరానికి మినహాయింపు ఉంది, ఉండాలి కూడా. ఈ మోత బదులు ఆకాశవాణి రాగం పెడితే బాగుంటుందని కేంద్ర మంత్రి గడ్కరీ 2021లో అన్నారు. రాగం మాట సరే, తీయగా వినిపిస్తే మన ఆటోవాలా పక్కకి జరుగుతాడా?

బ్రిటన్‌లో రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద చాలాసార్లు నీలం లైటుతోనే పోతారు, కూడలి వస్తేనే కూత. మన 108 నడిపే పైలట్లకీ అధికారులు ఆ మాటే స్పష్టంగా చెప్పాలి. ముందు దారి ఖాళీగా ఉంటే లైటు చాలు. మలుపు దగ్గరో, జంక్షన్‌లోనో రెండు క్షణాలు మోగించండి. రోగి లేని బండి మోగిస్తే జరిమానా వేయండి.

పగటి సంగతి వేరు. పగలు సైరన్ ఆగకుండా మోగుతోందంటే బండి ఆగిపోయిందని అర్థం. భీమిలి-నర్సీపట్నం రోడ్డు గతుకులు, అడ్డంగా పెట్టిన బైకులు, రోడ్డు మీదికి జరిగిన బడ్డీలు, మధ్యలో ప్రయాణికుల కోసం ఆగిన ఆటో. అంబులెన్సుకి దారివ్వకపోతే పదివేల జరిమానా అని 2019లో చట్టం మార్చారు. మన రోడ్డు మీద ఆ చట్టం ఊసెత్తే వాళ్లు లేరు. పగటి మోతకి పైలట్‌ని తిట్టే హక్కు మనకి లేదు, అది మనం మోగిస్తున్నదే.

చెరకు లోడు వేసుకుని పోయే ట్రాక్టర్ తమ్ముడూ, పాట సౌండు కాస్త తగ్గించు. వెనక లైటు కనపడితే ఎడమకి తీసేయ్.