ఛత్తీస్‌గఢ్: గఢములును సంఖ్యయు

ఛత్తీస్‌గఢ్ అనగా ముప్పదియారు కోటలని చెప్పుట పరిపాటి. కోటలనే లెక్కింపబోవువారికి మాత్రము చిక్కు తప్పదు. అందుచేతనే కాబోలు, కొందరు పేరునే సవరింపజూచిరి. చేదిరాజుల కోట యను అర్థముగల ‘చేదీశగఢ్’ శబ్దమే యిట్లు మాఱినదని రాయ్‌బహదూర్ హీరాలాల్ పక్షము. ‘గఢ్’ అనునది ‘ఘర్’ అనియు, ముప్పదియారు కుటుంబముల వలస దీనికి మూలమనియు వేఱొక ఐతిహ్యము. ఈ సవరణలు అనవసరములని నా అభిప్రాయము.

ఇచ్చట గఢమనగా పాలనావిభాగము. రతనపురపు హైహయుల రాజ్యమున శివనాథ నదికి ఉత్తరమున రతనపురము క్రింద పదునెనిమిది, దక్షిణమున రాయపురము క్రింద పదునెనిమిది గఢములు చెప్పబడుచున్నవి. దుర్గ్, పాటన్ రెండవ వర్గములోనివి. భిలాయి యున్నది ఆ దుర్గ్ జిల్లాలోనే. గఢమునకు ఎనుబదినాలుగు గ్రామములు, అదియే ‘చౌరాసీ’. అందు పండ్రెండేసి గ్రామముల ఉపవిభాగములు ఏడు. సి. యు. విల్స్ 1919లో ఈ వ్యవస్థను వివరించెను. ఇవి ఆదర్శసంఖ్యలు, ప్రతి గఢమునను గ్రామములు సరిగా అన్నియే యుండెనని భావింపరాదు.

కలచురులు చేదివంశీయులగుటచే హీరాలాల్ వాదమునకు కొంత బలము కలదు. గఢముల పట్టికలు మనకు 19వ శతాబ్దపు బందోబస్తు నివేదికల మూలముననే ప్రసిద్ధములైనవి. అయినను నదికిరువైపుల సమానముగ నున్న ఈ విభజనను కాదని ధ్వనిసామ్యమును ఆశ్రయించుట యుక్తము కాదు.

సంఖ్య సీమకు పేరగుట తెలుగువారికి క్రొత్త కాదు. రేనాడు ఏడువేలు, వెలనాడు ఆరువేలు మన శాసనములు ఎఱిగినవే. ప్రాచీన ఐర్లండులోను ఒక భూవిభాగమునకు ముప్పదినూర్లు అను అర్థముగల పేరే కలదు. మన సంఖ్య విభాగములోని అంశములను, ఛత్తీస్‌గఢ్ సంఖ్య విభాగములనే లెక్కించుట భేదము. నామకరణరీతి ఒక్కటే.

1955 నాటి సోవియట్ ఒడంబడిక పిమ్మట భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసెను. తెలుగు కుటుంబములును పనులకై వచ్చి స్థిరపడినవి. కర్మాగారపు నివాసనగరమున సెక్టారులకు అంకెలే పేర్లయినవి. పూర్వపు సంఖ్య గ్రామములను కూర్చి నిలిపినది. నేటి సంఖ్య క్రింద గ్రామనామములు మఱుగుపడుచున్నవి. రిసాలి, మరోదా, రువాబాంధా, ఖుర్సీపార్ వంటివి మిగిలినవి. వీనిని, చెఱువుల పేర్లను, పొలముల పేర్లను వృద్ధుల నోట వినగలిగిన కాలముననే అచ్చటి తెలుగువారి సాయముతో సేకరించుట మన భాషాశాఖలకు కర్తవ్యము. పట్టికలోని గఢములపై వాదము రేపైనను సాగగలదు. ఈ పేర్లు రేపటివఱకు నిలువకపోవచ్చును.