తొట్టి కింద ఇనుము సంగతి

కూలికి పోయేవాళ్లను ట్రాక్టరు తొట్టిలో ఎక్కించుకుపోవడం మన పల్లెల్లో మామూలైపోయింది. మిరప కోతకి, పత్తి తీతకి, నాట్లకి ఊరు దాటించాలంటే మేస్త్రీకి కనపడేది అదొక్కటే. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి 9 మంది ఆడకూలీలు పోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో 15 మంది పోయారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా డ్రైవరు నిర్లక్ష్యం అంటారు, అక్కడితో సరి. డ్రైవరు తప్పు ఉంటే ఉండొచ్చు. ఆ రెండు చోట్లా తప్పు ఇరుసుదేనని మేము అనడం లేదు. కాని మనుషుల్ని ఎక్కించిన తొట్టి కింద ఏముందో వంగి చూసేదెవరు?

ఎడ్లబండి తోలినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. బండి ముందు మొగ్గయితే ఎద్దు మెడ పుండవుతుంది. వెనక మొగ్గయితే కాడి పైకి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. రెండు చక్రాల తొట్టీ అంతే. బరువు ఇరుసుకు కాస్త ముందుంటే కొంత భారం కొక్కెం మీద పడి ట్రాక్టరు పెద్ద చక్రాలకు పట్టు దొరుకుతుంది. ఇరుసు వెనక్కి పోతే కొక్కెం పైకి లాగుతుంది, చక్రాలు తేలికవుతాయి, తొట్టి తోక ఊపుతుంది. బస్తాలైతే సర్దినచోట ఉంటాయి. మనుషులు ఉండరు. కాళ్లు చాపుకునే చోటు లేక సగంమంది వెనక అంచు మీదా, పక్క రేకుల మీదా కూర్చుంటారు. పైన కూర్చున్నకొద్దీ తొట్టి ఒరగడం సులువు.

ఇక కమాన్ కట్టలు. లారీకీ బస్సుకీ ఇరుసు మీద ఇవి ఉంటాయి. గుంట దెబ్బ పట్టీలు మింగుతాయి, చక్రం నేలను వదలదు. ఊరి వెల్డింగు షాపులో చేసిన తొట్లు చాలావాటికి ఇరుసును నేరుగా చట్రానికే బిగిస్తారు. ఖర్చు తగ్గుతుంది గదా! ఇటుకకు నడుం నొప్పి రాదు. కాని అదే తొట్టికి ఒక చక్రం గుంటలో దిగితే మనుషులతో సహా మొత్తం అటు వాలుతుంది.

బ్రేకుల సంగతి మరీ ఘోరం. చాలా తొట్లకు అసలు బ్రేకే ఉండదు. ఆపాల్సిందంతా ట్రాక్టరే, అదీ వెనక చక్రాలతోనే. పొలంలో మలుపు తిరగడానికని ఎడమకొకటి, కుడికొకటి రెండు పెడళ్లు ఇస్తారు. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపి లాక్ వేయాలి. వేయకపోతే ఒక చక్రమే పట్టి బండి పక్కకు తిరుగుతుంది. కాలువకట్ట దిగుడులో వెనకనుంచి తొట్టి నెడుతుంటే చెప్పేదేముంది?

చచ్చాక బీమా కంపెనీ కోర్టులో ఏమంటుందో తెలుసు గదా: అది సరుకుల బండి, మనుషులు ఎక్కరాదు. ఎక్కించింది ఎవరు, ఎక్కక గతిలేక ఎక్కింది ఎవరు అన్న ప్రశ్న అక్కడ రాదు.

సీట్లున్న బండి పెట్టాలి, దాని కిరాయి కూలిలో కోయకూడదు. మా డిమాండు ఇది. అప్పు తెచ్చి ట్రాక్టరు కొన్న చిన్న రైతు మీద మాకు పగ లేదు, కమాన్లకూ బ్రేకులకూ సర్కారు అతనికి సాయం చేయవచ్చు. ఈలోగా సంఘాలు కూలిరేటు మాట్లాడే రోజునే బండి సంగతీ మాట్లాడాలి. కమాన్లున్నాయా, తొట్టికి బ్రేకుందా, పెడళ్లు కలిపారా, ఎంతమందిని ఎక్కిస్తారు? జవాబు చెప్పని మేస్త్రీ బండి ఎక్కేది లేదని ముఠా అంతా ఒక్కమాట మీద నిలబడాలి. ఒక్కరే అడిగితే మర్నాడు ఆమెకు పని ఉండదు.