పచ్చగా ఉన్నంత మాత్రాన సరిపోదు

ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని చెరువులోకో నదిలోకో వదలాలంటే లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించి సీసం ఉండకూడదు. అదే నీటిని సముద్రంలోకి వదిలితే 2 మిల్లీగ్రాముల దాకా చెల్లుతుంది. జింకుకు ఈ వెసులుబాటు మూడింతలు, సీసానికి ఏకంగా ఇరవై రెట్లు! 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూలు చెబుతున్న లెక్క ఇది. సముద్రం పెద్దది, ఎంత పోసినా కలిసిపోతుందన్న ధీమా తప్ప దీనికి మరో ప్రాతిపదిక మాకు కనిపించదు. ఆ ధీమాకు మూల్యం చెల్లిస్తున్న వాటిలో మొదట చెప్పుకోవాల్సింది, తీరాన్ని ఆనుకుని లోతు తక్కువ నీటిలో పెరిగే సముద్రపు గడ్డి.

చాలామంది దీన్ని నాచు అనుకుంటారు. నిజానికి వేళ్లు, కాండం, పూలు, గింజలు అన్నీ ఉన్న మొక్క ఇది. అందుకే లోహాలు దీనిలోకి రెండు దారుల్లో చేరతాయి: నీటి నుంచి ఆకుల్లోకి, అడుగు బురద నుంచి వేళ్లలోకి. రాగి, జింకు కొద్దిపాటి మోతాదులో దానికీ అవసరమే. మోతాదు మించితే మాత్రం రాగి నేరుగా కిరణజన్య సంయోగక్రియ మీద దెబ్బకొడుతుంది, పత్రహరితంలో మెగ్నీషియం ఉండాల్సిన చోట తాను కూర్చుంటుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము రాగి కలిసిన నీటిలో ఒక రకం గడ్డి పది గంటల్లోనే నీరసించినట్టు ఆస్ట్రేలియా పరిశోధకులు చూశారు. మన షెడ్యూలు గొట్టం చివర అనుమతిస్తున్న రాగి 3 మిల్లీగ్రాములు. సముద్రంలో పడ్డాక పలచబడుతుంది, నిజమే. అలల తాకిడి లేని అఖాతాల్లో ఎంతసేపటికి, ఎంత దూరానికి పలచబడుతుందో చెప్పాల్సిన బాధ్యత వదిలేవాడిదే.

అదే ప్రయోగంలో సీసం, కాడ్మియం కలిపిన నీటిలో గడ్డి చెక్కుచెదరలేదు. పరిశ్రమల తరఫు వకీళ్లకు ఇది పనికొచ్చే మాటే. కానీ దెబ్బ కనిపించనంత మాత్రాన లోహం లోపలికి వెళ్లలేదని కాదు. గంధకం ఉన్న ప్రత్యేక ప్రొటీన్లతో మొక్క ఆ లోహాన్ని కట్టిపడేసి కణాల్లో దాచుకుంటుంది. ఎదగడానికి ఖర్చుపెట్టాల్సిన శక్తిని విషానికి విరుగుడు ఎంజైములు తయారు చేయడానికి ఖర్చుపెడుతుంది. మధ్యధరా సముద్రంలోని పొసిడోనియా గడ్డిలో కాడ్మియం ధాటికి డీఎన్ఏ మీది రసాయన గుర్తులే మారిపోయినట్టు తేలింది. చూసేవాడి కంటికి మాత్రం పచ్చిక పచ్చగానే ఉంటుంది.

దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీలో 1889 నుంచి సీసం శుద్ధి కర్మాగారం నడుస్తోంది. దాని దగ్గరి గడ్డి మేటల్లో బురద నిండా లోహాలే. అక్కడ గడ్డి ఉంది. అందులో తిరగాల్సిన చేపల్లో, రొయ్య జాతి జీవుల్లో కొన్ని మాత్రం తగ్గిపోయినట్టు 1980ల నాటి పరిశోధనలు నమోదు చేశాయి. గడ్డి ఎన్ని చదరపు కిలోమీటర్లు ఉందో ఉపగ్రహ చిత్రాల్లో కొలిచి సంబరపడే మన అధికారులు ఈ అధ్యయనాలను ఒకసారి తిరగేయాలి.

మన దగ్గర ఈ గడ్డి దట్టంగా ఉన్నది తమిళనాడు తీరంలో, పాక్ అఖాతంలోనూ మన్నార్ సింధుశాఖలోనూ. పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను 2022లో సముద్రపు ఆవుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దేశంలో అలాంటిది అదే మొదటిది, ఆ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. సముద్రపు ఆవు రోజుకు 30, 40 కిలోల గడ్డి మేస్తుంది. ఆకు కొరికి ఊరుకోదు, మూతితో బురద తవ్వి వేళ్లతో సహా పెకలించి తింటుంది. అంటే బురదలో చేరిన లోహం నేరుగా దాని పొట్టలోకే. వేటగాళ్ల నుంచి కాపాడే చట్టం ఉంది గానీ, మేత నుంచి కాపాడే ఏర్పాటు ఏదీ?

మన్నార్ వైపు తూత్తుకుడి పరిస్థితి ఇంకా ఇరుకు. 1050 మెగావాట్ల థర్మల్ కేంద్రం, ఓడరేవు, రసాయన పరిశ్రమలు, వాటి పక్కనే జాతీయ సముద్ర ఉద్యానవనం దీవులు. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం ఉంటాయి. ఓడరేవు కోసం తవ్వితే ఏళ్ల తరబడి అడుగున పూడుకుపోయిన లోహాలు మళ్లీ పైకి లేస్తాయి. ఇదే తీరంలో పాడైన చోట్ల గడ్డిని మళ్లీ నాటే పని కూడా సాగుతోంది. లోహాల రాకను అదుపు చేయకుండా ఎంత నాటినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలు సముద్రపు గడ్డి మేటలను అత్యంత సున్నిత ప్రాంతాల జాబితాలో చేర్చాయి. అక్కడ కట్టడాలను ఆపడానికి అది చాలు, నీటిలో కరిగి వచ్చే రాగిని ఆపడానికి చాలదు. స్పెయిన్‌లోని కెటలోనియాలో తీరపు నీటి నాణ్యతను లెక్కగట్టే సూచీలో పొసిడోనియా కాండంలోని రాగి, సీసం, జింకు కూడా భాగమే. ఆ పని మనకేం అసాధ్యం కాదు. నాలుగు మొక్కలు తీసి, ఆకులకు పట్టిన పాచిని గాజు పలకతో గీకి, కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, ఆమ్లంలో కరిగించి చూడటమే. తనిఖీ అధికారి సీసా ముంచిన ఒక్క క్షణాన్ని మాత్రమే నీటి నమూనా చెబుతుంది. అర్ధరాత్రి గేట్లెత్తి వదిలిన మురుగు జాడ ఆకుల్లో వారాల తరబడి, వేళ్లలో అంతకు మించి నిలుస్తుంది.

లోహాలు సహజంగానే బురదలో ఉంటాయి కదా, మా ఫ్యాక్టరీదే అని ఎలా తేలుస్తారు అని పరిశ్రమలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. పరిశ్రమల నీడ పడని మేటల నుంచి అదే జాతి గడ్డిని, అదే వయసు ఆకును, అదే రుతువులో తీసి పోల్చాలి. ఆ పోలిక లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. పులికాట్ సరస్సులోనూ ఈ గడ్డి ఉంది, ఆ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే, కాబట్టి ఇది పొరుగు రాష్ట్రం గొడవలే అని మన కాలుష్య నియంత్రణ మండలి పక్కకు తప్పుకోవడం కుదరదు.

సముద్రానికి వేరుగా రాసిన సీసం, జింకు పరిమితులను కేంద్రం రద్దు చేసి, నదులకు వర్తించేవే తీరానికీ వర్తింపజేయాలి. రాగి పరిమితిని గడ్డి తట్టుకోగల స్థాయికి దించాలి. తీర పరిశ్రమల అనుమతుల రెన్యువల్ దరఖాస్తుతో పాటు చుట్టుపక్కల గడ్డిలోని లోహాల నివేదిక జతచేయడం తప్పనిసరి చేయాలి. నివేదిక తయారీ ఖర్చు పరిశ్రమది, నమూనా తీసే చేయి మాత్రం దాని జీతగాడిది కాకూడదు.